వంగపండు రంగు నీళ్ళు

కాపరానికి వచ్చిన తొలి ఏళ్ళలో మా బావగారితో నేను ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. భయం వల్ల కాదు, మర్యాద వల్ల. మా వైపు వ్యవసాయ కుటుంబాల్లో తమ్ముడి భార్య, భర్త అన్నగారికి ఎదురుపడకూడదు. పడితే పక్కకు తప్పుకోవాలి. ఏదైనా చెప్పవలసి వస్తే మూడో మనిషితో చెప్పించాలి. మూడో మనిషి లేకపోతే గేదెతో చెప్పాలి. నేను గేదెతో చాలా చెప్పాను. కొందరికి కళ్ళు నెత్తికెక్కాయని దానికి చెప్పుకుంటూ పాలు పితికితే గోడ అవతల ఆయన దగ్గేవాడు. ఆ దగ్గే నాకు జవాబు. ఆయన బతికున్నన్నాళ్ళూ పరాయివాళ్ళ ముందు 'వారు' అనే అన్నాను. ఇక అనను. ఆ మనిషి గురించి ఒక్క మంచి మాటైనా రాద్దామని చూశాను, తట్టలేదు. ఉన్నదే రాస్తాను.

నా పుట్టిల్లు నందిగామ. మెట్టినిల్లు జగ్గయ్యపేట. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. రోడ్డు వైపు పెద్ద కొట్టం, దాని ముందు ఖాళీ జాగా బావగారికి. వెనక పెంకుటిల్లు, బావి మాకు. పంపకాల నాడు ఆయన, "బావి తమ్ముడికే ఉండనీండి" అన్నాడట. ఆ మాట తలుచుకుని మా ఆయన చాలాకాలం కళ్ళు తుడుచుకునేవారు. మా అన్నయ్యది ఎంత పెద్ద మనసో చూశావా అనేవారు. చూశాను, చూడకేం.

ఆ బావి సంగతి చెప్పాలి. మాది మెట్ట ఊరు, కింద అంతా రాయి. మా వీధిలో ఎన్ని బావులున్నా నీళ్ళన్నీ ఉప్పు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మా బావి ఒక్కటే తియ్యటి నీళ్ళది. అది లేకపోతే ఎండాకాలం పాలేరు వాగుకి వెళ్ళి ఇసకలో చెలమలు తీసుకుని బిందెలు మోయాలి. మా అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి, గడప దాటడమే కష్టం. నేను ఒక్కదాన్నే. ఆ బావి చెడితే ఆ ఇంట్లో మేము ఉండలేము. మా ఆయనకి ఆ సంగతి తెలుసు, మా అత్తగారికి తెలుసు, బావగారికి అందరికంటే బాగా తెలుసు.

ఆయనకి వ్యవసాయం చిన్నతనంగా ఉండేది. పొగాకు వ్యాపారం చేశాడు, మిరపకాయల కమీషన్ చేశాడు, ఏదీ నిలవలేదు. చివరికి ఎవరో చెప్పారని కొట్టంలో రంగుల షెడ్డు పెట్టాడు. చేనేతవాళ్ళకి నూలు చిలపలకి, అంటే నూలు చుట్టలకి, రంగు వేసి ఇవ్వడం. మా ఊరివాళ్ళే కాదు, గరికపాడు దాటి నైజాం వైపు నుంచి కూడా బళ్ళు వచ్చేవి. పెద్ద పెద్ద కాగులు, కింద పొయ్యిలు, కరక్కాయ కషాయం కంపు. కరక్కాయ నీళ్ళలో నానేసి తర్వాత రంగులో ముంచితే రంగు గట్టిగా పడుతుందట. రంగు డబ్బాల్లో వచ్చేది, ఆకుపచ్చగా మెరిసే పొడి. చిటికెడు నీళ్ళలో వేస్తే కాగు మొత్తం వంగపండు రంగు తిరిగేది. ఆ రోజుల్లో ఆ రంగు చీరలంటే ఆడవాళ్ళకి పిచ్చి. నాక్కూడా ఒకటి ఉండేది. తర్వాత దాన్ని గేదెల కొట్టంలో దోమల పొగకి కాల్చేశాను.

చిలపలు ముంచగా మిగిలిన నీళ్ళని ఆయన గోడ పక్కనే గుంట తీసి పోయించేవాడు. నేల మా వైపు వాలుగా ఉంటుంది. ఆ నీళ్ళు ఎటు పోతాయో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

తొలకరి పడ్డాక ఒకరోజు అన్నం వార్చి చూస్తే మెతుకులు లేత వంగపండు రంగులో ఉన్నాయి. మా అత్తగారు తన చూపు పోతోందనుకుని ఎవరికీ చెప్పకుండా తినేసింది. మర్నాడు మజ్జిగ కూడా అలాగే ఉంటే అప్పుడు భయపడి నన్ను పిలిచి, నా కళ్ళకేదో అయిందే అమ్మాయ్ అంది. ఆమె కళ్ళకేమీ కాలేదు. చేదలో తెలియలేదు గానీ తెల్ల పింగాణీ గిన్నెలో పోసి చూస్తే బావి నీళ్ళు బావగారి కాగులో నీళ్ళకి చెల్లెలిలా ఉన్నాయి. నోట్లో పోసుకుంటే కరక్కాయ వగరు.

మా అత్తగారి చేత కబురు పంపాను. ఆయన తల్లితో, రంగే కదా, విషమా ఏమన్నా, గుడ్డకి పట్టేది కడుపుకి పడుతుందా అన్నాడట. అని, తన ఇంటికి మాత్రం ఆ రోజు నుంచే కావడివాడితో పాలేటి నీళ్ళు పోయించుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన అన్నగారి దగ్గరికి వెళ్ళి కాఫీ తాగి వచ్చారు. ఏమన్నారు అని అడిగితే, చూద్దాం అన్నాడు, పాపం ఆయన మాత్రం తెలిసి చేశాడా అన్నారు. మా ఆయనది నోట్లో నాలుక లేని మంచితనం. ఆ మంచితనాన్ని పెట్టుకుని అన్నగారు ఎన్నో ఏళ్ళు కాలక్షేపం చేశాడు.

నేను ఊరుకోలేదు. పంచాయతీ ప్రెసిడెంటుగారి భార్య నందిగామ పిల్లే, నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆమె చెబితే ప్రెసిడెంటుగారు వచ్చి చూశారు. చేద తోడించి చూసి, తల పంకించి, బావగారితో అందరి ముందూ ఒక మాట అన్నారు. ఆ నీళ్ళని శుద్ధి చేసి మరీ బయటికి వదలాలి, లేకపోతే షెడ్డు మూయించాల్సి ఉంటుంది అని. బావగారు చేతులు కట్టుకుని చిత్తం అన్నాడు.

ఆ వారంలోనే షెడ్డు ముందు మామిడి తోరణాలు కట్టారు. పురోహితుడు వచ్చాడు. కలశం పెట్టి పుణ్యాహవాచనం చేసి, ఆ మంత్రజలం మామిడాకుతో కాగుల మీద, గుంట మీద, గోడ మీద నుంచి చెయ్యి చాపి మా బావిలో కూడా చల్లాడు. తర్వాత అందరికీ పులిహోర. ప్రెసిడెంటుగారికి పెద్ద విస్తరాకులో ఇంటికే పంపారు. శుద్ధి అయిపోయింది.

మీరు నవ్వుకుంటారేమో గానీ మా వీధిలో ఒక్కరూ నవ్వలేదు. పురుడు వెళ్ళాక శుద్ధి అంటే నీళ్ళు చల్లడం. చావు మైల తీరాక శుద్ధి అంటే నీళ్ళు చల్లడం. మరి నీళ్ళనే శుద్ధి చెయ్యాలంటే నీళ్ళ మీద నీళ్ళు చల్లడమేగా. ఆయన అమాయకంగా చేశాడా, తెలివిగా చేశాడా అని మా ఆయన చాలా రోజులు ఆలోచించారు. నేను ఆలోచించలేదు. పురోహితుడు చల్లుతుంటే బావగారు మా వంటింటి కిటికీ వైపు చూసిన చూపు నేను చూశాను. ఆ రోజు గేదెతో నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

నాకు దారి దొరికింది పూజలో కాదు, అంట్లలో. మేము ఇత్తడి సామాను ఇటుక పొడితోనూ చింతపండుతోనూ తోమేవాళ్ళం. ఒకరోజు తపేలా అడుగున ఇటుక పొడి మిగిలిపోయింది. తర్వాత తోముదామని బావి నీళ్ళు పోసి పక్కన పెట్టి మరిచిపోయాను. మర్నాడు పొద్దున చూస్తే పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున పొడి వంగపండు రంగులో ఉంది. రంగంతా పొడిలోకి దిగిపోయింది. కదిపి చూశాను, మళ్ళీ వదలలేదు.

ఇంకో తపేలాలో గోడకి వాడగా మిగిలిన గట్టి ఇటుక దంచి పోశాను. అది సరిగా పట్టలేదు. నేను మొదట వాడిన పొడి ఏ ఇటుకదా అని వెతికితే, పాలేటి ఒడ్డు బట్టీ దగ్గర పారేసిన, సరిగ్గా కాలని ఇటుకది అని తేలింది. మా వైపు ఇటుక మట్టిలో ఊక కలుపుతారు. కాలినప్పుడు ఊక బూడిదై ఇటుక లోపలంతా కంటికి కనపడని సన్న సన్న బెజ్జాలు పడతాయి. ఎక్కువ కాలితే మట్టి కరిగి ఆ బెజ్జాలు మూసుకుపోతాయి. సగం కాలిన ముక్కని నాలుకకి ఆనిస్తే అతుక్కుపోతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు దొంగతనంగా కొరుక్కు తినేది ఆ ముక్కే. తర్వాత నేను బట్టీకి వెళ్ళి ముక్క ముక్కనీ నాలుకతోనే చూసి ఏరుకునేదాన్ని. బట్టీలో పనిచేసే ముసలాయన నైజాం వైపు మనిషి, నన్ను చూసి, "నెల తప్పినవా బిడ్డా" అని అడిగాడు. కాదు, బావగారు తప్పాడు అందామనుకున్నాను.

ఈ సంగతి మళ్ళీ ప్రెసిడెంటుగారి భార్య ద్వారా పైకి వెళ్ళింది. పులిహోర సంగతి ఊళ్ళో అప్పటికే గుసగుసగా ఉంది గనక ప్రెసిడెంటుగారు ఈసారి గట్టిగా చెప్పారు. గోడ పక్క గుంటని రాళ్ళతో కట్టించి, సగం కాలిన ఇటుక ముక్కలతో నింపి, రంగు నీళ్ళు పై నుంచి పోస్తే అడుగు నుంచి తేటగా వెళ్ళేటట్టు చెయ్యాలి అని. బావగారు కట్టించాడు. పదిమందిని పిలిచి చూపించాడు. బొంబాయిలో ఇలాగే చేస్తారని, తను ఎప్పుడో విన్నానని చెప్పాడు. నా పేరు ఎక్కడా రాలేదు. రాకపోతే పోయె, నాకు కావలసింది బావి. పూడికవాళ్ళని పెట్టి బావి తోడించాము. వర్షాలకి కొత్త ఊట వచ్చింది. తెల్ల గిన్నెలో పోస్తే తెల్లగానే ఉన్నాయి నీళ్ళు. మా అత్తగారు ఆ రోజు రెండు చెంబులు ఊరికే తాగింది.

అది కొన్నాళ్ళే. ఇటుకకీ కడుపుంటుంది, నిండితే ఇంక పట్టదు. గుంట అడుగు తూములోంచి మొదట లేత రంగు, తర్వాత ముదురు రంగు దిగడం మొదలైంది. ముక్కలు మార్పించమని అత్తగారి చేత చెప్పించాను. గుంట కట్టమన్నారు కట్టాను, రోజూ దానికి నైవేద్యం పెట్టమని ఎవరూ అనలేదే అన్నాడట. తల్లితో అన్న మాటది. ఆమె ఆ మాట నాకు చెబుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ముక్కలు నేనే మార్చాను. ఇంకేం చేస్తాను? బట్టీ నుంచి బండి మీద సగం కాలిన ఇటుకలు తెప్పించి పెరట్లో పోయించుకున్నాను. వారానికోసారి, షెడ్డుకి సెలవైన రోజు, సుత్తితో కొట్టి, తట్టకెత్తుకుని, రెండిళ్ళ మధ్య గోడకున్న తలుపు తీసుకుని వెళ్ళి పాత ముక్కలు తోడి కొత్తవి పోసేదాన్ని. పాతవి ఎక్కడ పడితే అక్కడ పోస్తే వానకి మళ్ళీ దిగుతాయేమోనని నా భయం. ఊరి బయట సున్నపురాయి తీసి వదిలేసిన గొయ్యి దాకా మోసుకెళ్ళి పోసేదాన్ని. నా గోళ్ళు ఏడాది పొడుగునా వంగపండు రంగే. పేరంటాలకి వెళితే తాంబూలం అందుకునేటప్పుడు చేతులు చూసి ముఖాలు తిప్పుకునేవాళ్ళు. వీధిలో ఆడవాళ్ళు నా వెనక, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు. వాళ్ళందరి ఇళ్ళలో పప్పు ఉడికేది మా బావి నీళ్ళతోనే.

మా ఆయన మాత్రం ఒకటే మాట. ఎందుకీ గోల, నందిగామ వెళ్ళిపోదాం, మీ నాన్నగారి ఇంట్లో రెండు గదులు ఖాళీగానే ఉన్నాయిగా అని. మా అత్తగారు ఆ మాట విని మూడు పూటలు అన్నం ముట్టలేదు. ఈ ముసలిదాన్ని వియ్యాలవారి వాకిట్లో కూర్చోబెడతారా అంది. ఆ మాట నేనూ మరిచిపోలేదు. నేను ఈ ఇల్లు కదలను, ఆ బావినీ వదలను అని మా ఆయనకి తేల్చి చెప్పాను.

ఆ తర్వాత బావగారు షెడ్డు పెంచాడు. ఇంకో వరస కాగులు వచ్చాయి. రెట్టింపు నీళ్ళు, రెట్టింపు ముక్కలు. ఇక నా వల్ల కాలేదు. ప్రెసిడెంటుగారికి నేనే వెళ్ళి చెప్పాను. షెడ్డు ఊరి బయటికైనా మార్పించండి, లేకపోతే గుంట పని ఆయన చేతే చేయించండి అని. వస్తాం, చూస్తాం అన్నారు. ఎప్పుడు వస్తారో చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున, ముందు చెప్పకుండా, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. నేను ముక్కలు మార్చి ఒక్క పూట అయింది. వాళ్ళు గుంట చుట్టూ తిరిగారు. తూము దగ్గర వంగి చూశారు. నీళ్ళు తేటగా, గాజులా దిగుతున్నాయి. నేను గోడ తలుపు చాటున నిలబడి ఉన్నాను. రెండు రోజుల ముందు వచ్చి ఉంటే వాళ్ళకి నిజం కనపడేది.

బావగారు తొందరపడలేదు. లోపలికి వెళ్ళి వెండి గ్లాసు తెచ్చాడు. తూము కింద పట్టాడు. పెద్దమనుషులకి చూపించాడు. అప్పుడు గ్లాసు ఎత్తి, గుటక గుటకగా మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, ఇంతకంటే ఏం చెయ్యమంటారు అన్నాడు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తేటగా ఉంటే మంచినీళ్ళే అనుకునే ఊరు మాది. అందులో ఒకాయన, బావుందయ్యా, మా ఇంటి నీళ్ళ కన్నా బావున్నాయి అన్నాడు.

నేను తలుపు తోసి బయటికి వచ్చాను. మా ఆయన నా చెయ్యి పట్టుకోబోయారు, విదిలించుకున్నాను. బావగారికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. మా అత్తగారు లోపలి నుంచి వద్దే అంటోంది.

"బావగారూ, ఆ ముక్కలు మార్చింది నేను. నిన్నే మార్చా. ఇన్నాళ్ళూ వారం వారం నేనే మారుస్తున్నా. మీరు తాగింది నా చాకిరీ అండి."

ఆయన నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి. కోపం లేదు. అదే నేను ఈనాటికీ క్షమించనిది, ఆయనకి కోపం కూడా రాలేదు.

"మార్చమని నేనడిగానా అమ్మాయ్?" అన్నాడు.

"మీరు మార్చరు గనక మార్చా."

"బావి నీది. నీ బావి కోసం నువ్వు చేసుకున్నావు. నేను కాదన్నానా?"

ప్రెసిడెంటుగారికి ఆ మాటతో గుండె మీద బరువు దిగినట్టయింది. ఇంకేం, ఇంట్లో ఇంట్లో సర్దుకుంటున్నారు, మధ్యలో మేమెందుకు అని నవ్వేసి, కండువా దులుపుకుని బయలుదేరారు. పెద్దమనుషులు పోతూ పోతూ నా వైపు చూసి, మంచి పనిమంతురాలు అని మా ఆయనతో అన్నారు. మా ఆయన చేతులు జోడించి నిలబడ్డారు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక ఒక్క ముక్క కూడా ముట్టనని. సుత్తి అటక మీద పారేశాను. మనసులో ఒక లెక్క వేసుకున్నాను. రంగు దిగుతుంది, బావి చెడుతుంది, వీధి మొత్తం ఆయన షెడ్డు మీద పడుతుంది, అప్పుడు తెలుస్తుంది అని. వారం గడిచింది. తూము దగ్గర లేత రంగు మొదలైంది. ఇంకో రెండు రోజులకి ముదిరింది. నేను గోడ అవతలికి తొంగి చూసి వచ్చి సంతోషపడ్డాను కూడా. ఆ సాయంత్రం మా అత్తగారు మంచంలోంచి చెంబు పట్టుకుని లేవబోతూ, నీళ్ళు ఎలా ఉన్నాయే అమ్మాయ్, తాగొచ్చా అని అడిగింది. అంతే అడిగింది. ఆ బావి నీళ్ళు తప్ప ఆమెకి ఇంకేం ఉన్నాయి?

తెల్లారగానే అటక మీది సుత్తి దింపాను. తట్ట నిండా ముక్కలు కొట్టి, నెత్తికెత్తుకుని, గోడ తలుపు తీశాను. ఆయన అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. నేను వస్తానని ఆయనకి తెలుసు. తట్ట దింపి గుంటలోకి వంగాను. పాత ముక్కలు తోడుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. ఇప్పుడు మధ్యలో తల్లీ లేదు, గేదె కూడా లేదు, నేరుగా నాతోనే అన్నాడు.

"అమ్మాయ్, ఈసారి ముక్కలు కాస్త సన్నగా కొట్టు. నీళ్ళు ఇంకా తేటగా దిగుతాయి."

ఆ మాట తప్పయి ఉంటే ఎంత బావుండేదో. ఎన్నోసార్లు ముక్కలు కొట్టి పోసిన దాన్ని, అది నిజమని నాకు వెంటనే తెలిసింది. తట్ట మళ్ళీ ఎత్తుకుని ఇంటికి వెళ్ళి, పెరట్లో కూర్చుని, సన్నగా కొట్టాను.